ఒకే ద్రాక్ష, పది పల్లెల రుచులు

వైన్ రుచి చూడటమంటే దేశానికొక సీసా తెచ్చి వరుసగా పేర్చడమే అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అలా చూస్తే తేడాలు ఇట్టే తెలుస్తాయి. కానీ ఆ తేడా ద్రాక్ష రకం వల్ల వచ్చిందా, ఎండ వల్లనా, నేల వల్లనా, చేసిన పద్ధతి వల్లనా అన్నది మాత్రం తేలదు. నేల ప్రభావం తెలియాలంటే తక్కినవన్నీ వీలైనంత వరకు ఒకేలా ఉండాలి. అందుకు ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి ఉత్తరాన ఉన్న బోజొలే ప్రాంతాన్ని మించిన బడి లేదని నేను నమ్ముతాను.

ఇక్కడి రెడ్ వైన్ దాదాపు అంతా గామే అనే ఒక్క ద్రాక్షతోనే తయారవుతుంది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ నాసిరకమని ముద్రవేసి, తన ఏలుబడిలోని తోటల నుంచి పెరికివేయమని శాసించిన ద్రాక్ష ఇదే. అదే గామే బోజొలే ఉత్తర భాగంలోని గ్రానైట్ వాలుల్లో చక్కగా కుదురుకుంది. ఆ భాగంలో పది ప్రాంతాలకు తమ పేరుతోనే వైన్ అమ్ముకునే హక్కు ఉంది. వాటిని క్రూలంటారు. చివరగా 1988లో రెన్యేకు ఆ హోదా దక్కింది.

ఫ్లరీ, మోర్గాన్, ములాన్ ఆ వాన్ అనే మూడు క్రూల వైన్లను, ఒకే ఏడాది పంటవి, మూడు గ్లాసుల్లో పక్కపక్కనే పోసి చూడాలి. ఫ్లరీలో ముందుగా పూల పరిమళం తగులుతుంది, గుటక మెత్తగా దిగుతుంది. మోర్గాన్‌లో చెర్రీ పండు రుచి చిక్కగా ఉంటుంది. ములాన్ ఆ వాన్‌ను నోట్లో ఒక్క క్షణం నిలిపితే చిగుళ్లను పట్టేసే వగరు తెలుస్తుంది. మంచి ఏడాది పంటైతే పదేళ్లు దాచినా నిలిచే బలం దానికుంది.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. ములాన్ ఆ వాన్ నేలలో మాంగనీస్ ఉందని చెబుతారు, అది నిజమే. కానీ రాతిలోని ఖనిజం నేరుగా రుచిగా మారి గ్లాసులోకి రాదు. నేల నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది, తీగ ఎంత ఏపుగా పెరుగుతుంది, ద్రాక్షపండు ఎంత చిన్నదవుతుంది అన్నవాటి ద్వారానే దాని ప్రభావం పండుకు చేరుతుంది. పైగా కొందరు గుత్తులను తొడిమలతో సహా తొట్టిలో వేసి పులియబెడతారు, మరికొందరు తొడిమలు తీసేసి, ఆపై ఓక్ పీపాల్లో నిల్వ చేస్తారు. కనుక ఒకే తయారీదారు ఒకే పద్ధతిలో చేసిన రెండు క్రూలు దొరికితే ఆ పోలికకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇంత లోతున్న ప్రాంతాన్ని ప్రపంచం నువో పేరుతో మాత్రమే గుర్తుపెట్టుకోవడం బాధ కలిగిస్తుంది. 1985 నుంచి ఏటా నవంబర్ మూడో గురువారం విడుదలయ్యే ఆ కొత్త వైన్ కోత తర్వాత కొన్ని వారాల్లోనే సిద్ధమవుతుంది. అందులో తరచూ వచ్చే అరటిపండు వాసన పులియబెట్టే ప్రక్రియ నుంచి పుట్టినది, దానికి ఊరితో సంబంధం లేదు. క్రూల పేరుతో నువో చేయడానికి అనుమతే లేదు. అయినా ఆ వైన్ తాగి బోజొలే అంతా ఇంతేనని తేల్చేసేవారు ఎందరో.

అలాంటివారు బ్రూయీ, కోట్ ద బ్రూయీ అనే రెండు క్రూల వైన్లను ఒకసారి పక్కపక్కన పెట్టుకోవాలి. రెండోది బ్రూయీ కొండ వాలుల మీద పండినది, మొదటిది ఆ కొండ చుట్టూ ఉన్న తోటల్లోది. కొండ మీద నీలిరంగు రాయి ఎక్కువ. సీసాలను కాస్త చల్లబరిచి, గ్లాసుల కింద గుర్తులు పెట్టి, వాటి స్థానాలు మరొకరితో మార్పించి రుచి చూస్తే, కొండ వైన్ ఏదో చాలాసార్లు నాలుకే చెబుతుంది.