నీటి కమిటీ తీర్మానాల పుస్తకం గారికి

గౌరవనీయులైన తీర్మానాల పుస్తకం గారికి,

నమస్కారాలు. ఊళ్లో నీళ్ల సంగతి ఎలా ఉన్నా మీరు క్షేమమేనని తెలుసు. ట్యాంకుకు నీరెక్కక జనం బిందెలు పట్టుకుని తిరుగుతుంటే, మీరు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పంచాయతీ కార్యాలయం బీరువాలో ఒదిగి ఉన్నారు.

మీది చిన్న వంశం కాదు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కోసం రాసిన 29 అంశాల జాబితాలో తాగునీరు 11వది. ఇంటింటికీ కుళాయి నీరివ్వాలని 2019లో మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ఊరి నీటిని ఊరే చూసుకోవాలంది. 10 నుంచి 15 మందితో కమిటీ, అందులో సగం మహిళలు, పంచాయతీ సభ్యులు పావు వంతుకు మించకుండా, మిగతా పావు బలహీన వర్గాలకు. ఈ లెక్క మీలో అణాపైసలతో సహా సరిపోయింది. మహిళా సభ్యుల సంతకాలను ఈ మధ్య దగ్గరగా చూశాను. ప్రతి పేరు చివరా 'మ్మ' కింది ఒత్తు ఒకేలా మెలి తిరిగి, ఒకే చోట సిరా కక్కింది. ఇంతమంది ఆడవాళ్లకు ఒకే చేతిరాత! మా ఊళ్లో ఐకమత్యం లేదనేవాళ్లకు ఆ పేజీ చూపించాలి.

'చర్చ' అనే శీర్షిక కింద మీరు ప్రతిసారీ రాసేది ఒకటే: 'సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' ఏం చర్చించారండీ? ట్యాంకు ఎక్కడ కట్టాలో, పైపు ఏ వీధిలో ఆగిపోవాలో అంచనాలు తయారైన రోజే తేలిపోయింది. ఊరి అవసరం ఆ తరువాతే పడింది, వాటా కోసం. ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతం, కొండ, అటవీ ప్రాంతాల్లోనూ ఎస్సీ, ఎస్టీలు సగానికి మించిన గ్రామాల్లోనూ 5 శాతం ప్రజలు భరించాలి. డబ్బు లేకపోతే సామగ్రి, అదీ లేకపోతే శ్రమ. బాగుంది. గోతి తవ్వేటప్పుడు మేము భాగస్వాములం. గోతి ఎక్కడ తవ్వాలో అడిగేటప్పుడు లబ్ధిదారులం.

మీలోకి ఎక్కని భాగస్వామ్యం కూడా ఒకటుంది, అది మాత్రం రోజూ సాగుతుంది. వాల్వు తిప్పగానే వీధి మొదట్లో ఇళ్లవాళ్లు కుళాయిలకు మోటార్లు తగిలిస్తారు. వీధి చివర కుళాయి బుస్సుమని గాలి కక్కుతుంది. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది నియమం. ముందువాళ్లు తమ 55తో పాటు చివరివాళ్ల 55 భారాన్నీ మోస్తున్నారు పాపం. తిట్లన్నీ నెలల తరబడి జీతం అందని పంపు ఆపరేటరుకు. ఆ మోటార్లను తీయించాలని ఒక్క తీర్మానమూ మీలో లేదు. ఉండదు కూడా. తీర్మానించాల్సినవాళ్ల ఇళ్లు ఎక్కువగా వీధి మొదట్లోనే ఉన్నాయి.

ఏ పూట ఒత్తిడి పడిపోతుందో, ఏ జాయింటు దగ్గర మురుగు కలుస్తుందో వీధి చివరి ఇంటావిడను అడగండి, పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆవిడా సభ్యురాలే. కానీ సమావేశం పెట్టేదీ, కుళాయి వచ్చేదీ ఒకే వేళకు. బిందె వదిలి వస్తే నీళ్లు పోతాయి, బిందె దగ్గరే ఉంటే మాట పోతుంది. ఆవిడ బిందెనే నమ్ముకుంది. తప్పు పట్టగలరా?

అన్నట్టు, మీ పక్కనే ఒక నీటి పరీక్ష కిట్టు ఉండాలి. ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చి వాళ్ల చేతికివ్వాలన్నది ఉద్దేశం. కుళాయి నీటిలో మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో వాళ్లు చూడాలి. బీరువా తాళం ఆ ఐదుగురిలో ఎవరి దగ్గరా లేదు. కిట్టు సీలు చెక్కుచెదరలేదు. మందుకు గడువు తీరిపోయేదాకా మీరిద్దరూ కబుర్లు చెప్పుకోండి.

నా కోరికలు పెద్దవేమీ కావు. సమావేశం నీళ్లు రాని వేళకు మార్చాలి. వీలైతే వీధి చివర, ఆ గాలి కక్కే కుళాయి పక్కనే పెట్టాలి. 'ఒప్పుకోనివారు' అని మీలో ఒక గడి గీయాలి. వసూలైన నీటి పన్ను, దాని ఖర్చు, ఎవరి బకాయి ఎంతో పంచాయతీ గోడ మీద రాయించాలి. బకాయిల వరుసలో మొదట ఎవరి పేరు వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ ఉత్తరాన్ని మీ పేజీల మధ్యే పెడుతున్నాను. ఎవరైనా చదువుతారన్న ఆశతో కాదు. వచ్చే నెల ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించేటప్పుడు, దీని కింద కూడా కోరానికి సరిపడా పడిపోతాయన్న ధైర్యంతో.

ఇట్లు,
ఏకగ్రీవంలో ఒకడు