గుండెపోటు ఒకరికి, పరీక్ష ఇంటిల్లిపాదికీ

2025 జూలైలో హాసన్ జిల్లా నుంచి గుండెపోటు మరణాల వార్తలు వరసగా వస్తుంటే బెంగళూరు జయదేవ ఆసుపత్రికి పరీక్షల కోసం జనం పోటెత్తారు. 2021 అక్టోబర్ 29న నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే కన్నుమూసినప్పుడూ అదే జరిగింది. భయపడి వచ్చినవాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ వరసలో అందరికంటే ముందు నిలబడాల్సింది చిన్న వయసులో గుండె ఆగి పోయినవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు. రమ్మని వాళ్లకు చెప్పేవారే లేరు.

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు యువకుడు 38 ఏళ్లకు ఉన్నట్టుండి చనిపోతే ఏం జరుగుతుందో మనకు తెలుసు. కాగితం మీద గుండెపోటు అని రాస్తారు. పోస్ట్‌మార్టం మాట ఎత్తితే, ఉన్న దుఃఖం చాలదన్నట్టు ఒళ్లు కూడా కోయిస్తారా అని పెద్దలు అడ్డుపడతారు. ఆ రాత్రే అంబులెన్స్ అనంతపురానికో కడపకో బయలుదేరుతుంది. మర్నాడు దహనం అయిపోతుంది. గుండెకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయిందా, గుండె కండరం మందమెక్కి ఉందా, లయ తప్పిందా అన్నది ఇక ఎప్పటికీ తేలదు. అది తేలకపోతే తమ్ముడికి ఏ పరీక్ష ముందు చేయాలో వైద్యుడికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ వేళ పోస్ట్‌మార్టానికి ఒప్పుకోవడం బతికున్నవాళ్లకు చేసే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఎందుకంటే ఈ జబ్బుల దారులు వేరు. కొలెస్ట్రాల్ పుట్టుకతోనే విపరీతంగా ఉండే వంశపారంపర్య లోపం సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్)ను కాలేయం సరిగా తొలగించలేకపోతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ, నూనె ముట్టనివాళ్లకూ ఇది ఉండొచ్చు. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటితే అనుమానించాలి. వేళ్ల కణుపుల మీద, మడమ వెనక గట్టిగా తగిలే బొడిపెలు కూడా దీని గుర్తు కావచ్చు. అమ్మ చేతి మీద ఏళ్లుగా ఉన్న అలాంటి బొడిపెను వాతమనుకుని వదిలేయడం ఎంత తేలికో! పట్టుకోవడానికి కొన్ని వందల రూపాయల రక్తపరీక్ష చాలు. స్టాటిన్ మాత్రలతో అదుపులో పెట్టవచ్చు. ఈ లోపం ఉన్న పిల్లలకు ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే వైద్యులు వాటిని మొదలుపెడతారు.

గుండె కండరం మందమెక్కే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. దీనికి ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చేయాలి. పదిహేనేళ్ల పిల్లవాడి ఎకో బాగుందని నిశ్చింతగా కూర్చోకూడదు. ఎదిగే వయసులో ఏడాది, రెండేళ్లకోసారి, పెద్దయ్యాక మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలి. జన్యు పరీక్ష చేయించదలిస్తే జబ్బు ఉన్న మనిషితోనే మొదలుపెట్టాలి. వారిలో లోపం స్పష్టంగా దొరికితే మిగతావారిలో ఆ ఒక్కదాన్నే వెతకవచ్చు. అది లేదని తేలినవారికి ఏళ్ల తరబడి ఎకోల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

ఈ రెండు జబ్బుల్లోనూ తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సాధారణంగా సగానికి సగం. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా అంతే. మరి మన ఇళ్లలో ఎందుకు దాస్తారు? పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని. ఆ భయం ఉత్తిది కాదు, దాని బరువంతా ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది. కానీ బయటి సంబంధాలకు భయపడి దాచిన ఇంట్లోనే మేనరికం కుదిరితే? భార్యాభర్తలిద్దరికీ అదే కొలెస్ట్రాల్ లోపం ఉంటే, నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు అది రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటి పిల్లలకు చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. దక్షిణాసియా వారిలో సుమారు 4 శాతం మందికి ఉండే ఒక గుండె కండర జన్యు లోపం గురించి 2009లో వెల్లడించిన బృందంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. అది ఉన్న ప్రతి ఒక్కరూ జబ్బుపడరు. రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడు తీవ్రత ఎక్కువ.

బీమా రాదన్న భయం మరొకటి. 2018లో ఢిల్లీ హైకోర్టు విచారించింది సరిగ్గా గుండె కండరం మందమెక్కిన రోగి కేసునే. జన్యు జబ్బు పేరుతో క్లెయిమ్ నిరాకరించడం వివక్ష అని తేల్చింది. ఆ వెంటనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా అలా తిరస్కరించవద్దని బీమా సంస్థలకు చెప్పింది.

బెంగళూరు కంపెనీలు చాలావరకు ఏటా ఉద్యోగులకు ఆరోగ్య పరీక్షలు చేయిస్తాయి. ఆ ఫారంలో కుటుంబ చరిత్ర దగ్గర అవును, కాదు అని రెండు గళ్లుంటే ఏం లాభం? ఎవరికి, ఏ వయసులో వచ్చిందో అడగాలి. తండ్రికో సోదరుడికో 55 ఏళ్లలోపు, తల్లికో సోదరికో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే దాన్ని ప్రమాద సూచనగా తీసుకోవాలి. ఇక ఆసుపత్రులు, చిన్న వయసు గుండె రోగికి ఇచ్చే డిశ్చార్జి కాగితంతో పాటు రక్తసంబంధీకులకు ఒక ఉత్తరం ఇవ్వాలి: జబ్బు పేరు, ఎవరెవరు రావాలి, ఏ పరీక్ష చేయించుకోవాలి. రాయలసీమ నుంచి అన్నేసి కుటుంబాలు వైద్యానికి వచ్చే నగరంలో ఆ ఉత్తరం కన్నడ, ఇంగ్లిషులతో పాటు తెలుగులోనూ ఉండాలి. కదిరిలో ఉన్న అక్క దాన్ని తనే చదువుకోగలగాలి.