సోడా తాగితే తగ్గిపోతుందట

ఇప్పుడే ఇంటికొచ్చాను. చెవుల బుట్టలు కూడా తీయలేదు. ముందు ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మా పిన్ని కొడుకు నిశ్చితార్థం. రెండో బంతిలో కూర్చున్నాను. పప్పు వడ్డించారు, ఆవకాయ వేశారు, అంతే, మొదలైంది. కారణమేమీ లేదు. ఎవరూ ఏమీ అనలేదు (అప్పటికి). గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతులో ఉసిరికాయ అడ్డం పడ్డట్టు. ముద్ద దిగలేదు. ఆకు మడవకుండానే లేచి ఫంక్షన్ హాల్ మెట్ల మీద కూర్చున్నాను. బంతి మధ్యలో లేవకూడదని నాకూ తెలుసు, ఆ క్లాసు మళ్లీ పీకకండి.

ఐదు నిమిషాల్లో పరామర్శ బృందం దిగింది. పెద్దమ్మ చేతిలో గోలీ సోడా. "గ్యాసేనే, తాగు, తేన్పొస్తే తగ్గిపోతుంది." ఎనిమిదేళ్లుగా వైద్యం చేయించుకుంటున్న జబ్బు తేన్పుతో పోతుందని మా సైకియాట్రిస్టుకి ఎవరూ చెప్పలేదు పాపం. వెనకే అత్తయ్య, దిష్టి అంటూ. ఆవిడ వెనక మా బావ, పళ్లు కుట్టుకుంటూ, "మా రోజుల్లో ఈ యాంగ్జైటీలూ గీంగ్జైటీలూ లేవమ్మా. ఫోన్లొచ్చాకే ఇవన్నీ."

లేవా బావా? మరి ముచ్చెమటలు పట్టడం అనే మాట ఎవరు పుట్టించారు, ఫోన్ కంపెనీ వాళ్లా? నోరు పిడచగట్టుకుపోవడం, గుండె జారిపోవడం, కాళ్లూ చేతులూ ఆడకపోవడం, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండడం... ఒక్కొక్కటీ నా ఫైల్లో ఉన్నదే. మా డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసింది, అంతే తేడా. మీ రోజుల్లో ఊళ్లో గోడల నిండా "నరాల బలహీనతా?" అని రాసుండేది, అది మాత్రం గుర్తుండదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది "రిపోర్టుల్లో ఏమీ లేదుగా" అనే మాట. ఈసీజీ నార్మల్. టూడీ ఎకో నార్మల్. థైరాయిడ్ నార్మల్. ఎండోస్కోపీ గొట్టం కూడా మింగాను, అదీ నార్మల్. (మొదటిసారి గుండెల్లో పట్టేసినట్టుంటే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే, వద్దనడం లేదు.) మా వీధి కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. దొంగ లేడు, నిజమే. మొరుగుడు అబద్ధమా? అడ్రినలిన్ నిజంగానే రక్తంలోకి వస్తుంది, గుండె నిజంగానే 130 కొడుతుంది. గబగబా ఊపిరి తీసేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్లకీ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. "గట్టిగా పీల్చు, ఇంకా గట్టిగా" అని మీద పడి అరిచే మహానుభావులారా, మీరు దాన్ని ఇంకా పెంచుతున్నారు. పీల్చడం కాదు, నెమ్మదిగా వదలడం ముఖ్యం. నాలుగు లెక్కపెట్టి తీసుకుని, ఆరు లెక్కపెట్టి వదలాలి. మెట్ల మీద నేను చేస్తున్నది అదే. నాలుగు దగ్గరకి రాగానే "పొద్దున టిఫిన్ ఏం తిన్నావ్?" అని ఒకరు. మళ్లీ ఒకటి నుంచి.

దీనికోసం కాఫీ మానేశాను. మా ఇంటి ఫిల్టర్ కాఫీ. ఆ త్యాగానికి శాలువా కప్పేవాడు ఒక్కడూ లేడు. రాత్రుళ్లు పళ్లు బిగించి పడుకుంటానని పళ్ల డాక్టరు దవడకి గార్డు ఇచ్చాడు, అది పెట్టుకుని పడుకుంటున్నాను. మాత్రలు వేసుకుంటున్నానంటే మాత్రం "అమ్మో, అలవాటైపోతుంది" అంటారు. బావ పన్నెండేళ్లుగా బీపీ మాత్ర మింగితే అది క్రమశిక్షణ. నా మాత్ర పని చేయడానికి నెల పట్టింది, మొదటి వారమే "ఆపెయ్" అన్నది కూడా ఈ బృందమే. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడటానికి ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అని 14416 నంబరు పెట్టింది, తెలుగులోనే మాట్లాడతారు. గ్యాసుకి పెట్టదు కదా బావా?

అసలు బావననుకుని ఏం లాభం. నాకిది మొదలైంది 2006లో, ఇంటర్ హాస్టల్లో. ప్రతి ఆదివారం టెస్టు, ప్రతి శనివారం రాత్రి వాంతులు. వార్డెన్ నాటకాలన్నాడు. సరే, వాడు జీతానికి పనిచేసేవాడు. నాన్నా, నువ్వు? కాయిన్ బాక్సు దగ్గర లైన్లో నిలబడి, ఉన్న రూపాయి బిళ్లలన్నీ వేసి ఏడిస్తే, "ఫీజు కట్టేశాం, ఎంసెట్ అయ్యేదాకా ఓర్చుకో" అన్నావు. ఓర్చుకున్నాను. ర్యాంకొచ్చింది, కడుపు పాడైంది. క్యాలెండర్ చూడకపోయినా శనివారం రాత్రి అని నా కడుపుకి ఇప్పటికీ తెలిసిపోతుంది.

ఇవాళ మెట్ల దగ్గరికి నాన్న కూడా వచ్చాడు. కాసేపు నిలబడ్డాడు. "బొబ్బట్టు కూడా తినకుండా లేచావే" అన్నాడు.

ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు మొదలయ్యాయి. అందరూ ఉన్న ఫొటో కింద పెద్దమ్మ అడుగుతోంది, "ఇదెక్కడికి పోయింది, కనపడదే?" అని. మెట్ల మీదున్నా పెద్దమ్మా. సోడా ఇచ్చింది నువ్వే.