రెండు వందల పాయింట్లు, ఒక నిమ్మకాయ

పాత కారు కొనుక్కోవడాన్ని నేనేమీ తప్పుపట్టను. ఒడిశాలోని మా బరంపురంలో పాత స్కూటరో, పాత ఫ్రిజ్జో కొనని సంసారం ఉండదు. నా అభ్యంతరమల్లా ఆ ఎర్ర గుడ్డ మీదే.

మీరూ చూసే ఉంటారు. షోరూం మధ్యలో కారు, దాని మీద ఎర్ర శాటిన్ గుడ్డ. పక్కన బల్ల మీద కేకు. చిన్నపిల్లాడి ఎత్తున అట్టతో చేసిన తాళంచెవి. టై కట్టుకున్న కుర్రాడు "వన్, టూ, త్రీ" అనగానే కొన్నాయన ఒక కొస, ఆయన భార్య ఒక కొస పట్టుకుని లాగుతారు. కాగితం పూలు పేలతాయి. సిబ్బంది చప్పట్లు కొడతారు. గుడ్డ కింద ఏముందో తెలియనట్టు దంపతులిద్దరూ ఆశ్చర్యపోవాలి. ఆ కారు కోసమే నెల్లాళ్ళుగా గీచి గీచి బేరమాడినవాళ్ళు! మొదటి యజమాని కూడా ఇలాగే లాగి, ఇలాగే ఆశ్చర్యపోయి, నాలుగేళ్ళు తోలి వదిలించుకున్నాడన్న సంగతి ఆ పూట ఎవరూ ఎత్తకూడదు.

దేశానికి చాలా సమస్యలున్నాయి. వాటిని పెద్దలు చూసుకుంటున్నారు. నేను ఈ గుడ్డ సంగతి తేలుస్తాను.

ఈమధ్య గుడ్డ లాగింది మా బావగారు. ఆయనది అప్పడాల వ్యాపారం. బరంపురం అప్పడం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, నిఖార్సైన సరుకు, విరిగితే విరిగినట్టే కనబడుతుంది. వ్యాపారం బాగుంది, కొడుక్కి సంబంధాలు వస్తున్నాయి, కనుక గుమ్మంలో ఒక లగ్జరీ స్పోర్ట్స్ ఎస్‌యూవీ ఉండి తీరాలని ఇంట్లో తీర్మానమైంది. కొత్తది కోటి దాటుతోంది. షోరూంవాళ్ళు తనిఖీ చేసి కాగితమిచ్చి అమ్మే పాతది, అంటే సర్టిఫైడ్ అయితే అరకోటి పైచిలుకుతో పని అయిపోతుంది. మా ఊళ్ళో చాలాకాలం బెంజ్ అంటే టాటా బెంజ్ స్క్వేరే, ఆటోవాడికి చెప్పే గుర్తు. ఇప్పుడు ఆ కూడలిలో నిజంగానే అలాంటి బళ్ళు వచ్చి ఆగుతున్నాయి. ముందు ఆవు పడుకుని ఉంటుంది కాబట్టి ఆగక తప్పదు.

స్పోర్ట్స్ అని ఎందుకన్నారంటే, నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని ఐదారు సెకన్లలో అందుకుంటుందట. మా బావగారి వీధిలో ఐదారు సెకన్లలో అందుకోగలిగింది ఎదురింటి గేటు ఒక్కటే.

గిరిసోల దాటి, ఇచ్ఛాపురం మీదుగా హైవే పట్టుకుని విశాఖ వెళ్ళాం. షోరూం పేరు రాయను. వాళ్ళకి లాయర్లున్నారు, నాకు బావగారున్నారు. వెళ్ళగానే కాఫీ, ఆ వెనకే సర్టిఫికెట్. నాలుగు మడతల నిగనిగలాడే కాగితం మీద రెండు వందల పాయింట్ల తనిఖీ, ప్రతి పాయింటు పక్కనా పచ్చ టిక్కు. నేను కళ్ళజోడు తుడుచుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు ఆ పని ఎవరూ చేసినట్టు లేదు, సేల్స్ కుర్రాడి మొహం మాడిపోయింది.

ముందు కప్పు హోల్డరు, ఉంది. వెనక కప్పు హోల్డరు, ఉంది. సన్ వైజర్ అద్దం ఎడమవైపు, ఉంది. కుడివైపు, ఉంది. ఆ అద్దం పైన దీపం, వెలుగుతోంది. కాళ్ళ కింద తివాచీలు నాలుగు, వాటికి నాలుగు పాయింట్లు. లోపలి వాసన, సంతృప్తికరం. ఇంజనుకీ గేర్ బాక్సుకీ కలిపి వచ్చిన మార్కుల కంటే కాఫీ కప్పు పెట్టుకునే చోట్లకి వచ్చినవే ఎక్కువ. మా లెక్కల మాస్టారు ఈ పద్ధతిలో పేపర్లు దిద్ది ఉంటే నేనీపాటికి కలెక్టరుగా రిటైరయ్యేవాణ్ణి.

"టైర్లు: మంచి స్థితి" అని ఉంది. వంగి చూశాను. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడు టైర్లు కారుతోపాటు వచ్చినవే. నాలుగో దాని మీద 1418 అని ఉంది. అంటే 2018 ఏప్రిల్ నాటిది. కారు రిజిస్ట్రేషను 2020.

"కారు పుట్టకముందే టైరు ఎలా పుట్టింది బాబూ?" అన్నాను.

"అది అనుభవం ఉన్న టైరు సార్" అన్నాడు.

వరదలో మునిగిన బండిని పట్టుకోవాలంటే సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడమంటారు మెకానిక్కులు. బండంతా కడిగినా ఆ కొస కడగడం ఎవరికీ గుర్తుండదు, బురద గీత అక్కడే ఉండిపోతుంది. మన తీరంలో ఈ జాగ్రత్త ఉత్తినే చెప్పేది కాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2024లో విజయవాడ మీద పడ్డ బుడమేరు. నేను బెల్టు లాగుతుంటే బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒరేయ్, పరువు తీయకు" అన్నారు గొంతు తగ్గించి. అరకోటి పోసి కొంటున్న మనిషికి బెల్టు లాగడం పరువు తక్కువ! బెండకాయలు కొనేటప్పుడు ప్రతి కాయ కొస విరిచి చూసే మనిషాయన.

మీటరు ముప్ఫై ఒక్క వేలు చూపిస్తోంది. బ్రేకు పెడల్ మీద రబ్బరు మాత్రం అరిగి నున్నగా, అద్దంలా ఉంది. "ఎవరు తోలారు?" అనడిగాను.

"డాక్టరుగారు సార్. సింగిల్ ఓనర్. ఆదివారాలు మాత్రమే తీసేవారు."

ఈ దేశంలో అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లవే. కాంట్రాక్టర్లు, రియల్ ఎస్టేటువాళ్ళు, ఎమ్మెల్యేల బావమరుదులు ఎన్నడైనా కారు తోలినట్టు ఏ డీలరు దగ్గరా దాఖలా లేదు. ఇంతమంది డాక్టర్లు ప్రతి ఆదివారం ఎక్కడికి వెళ్ళొస్తున్నారో తెలియదు గానీ, మిగతా ఆరు రోజులూ మా కొండల మీది ఆరోగ్య కేంద్రాల్లో మాత్రం కనబడరు.

ఇక డబ్బు సంగతి. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ మండలి, డీలర్లు అమ్మే పాత కార్లన్నిటికీ 18 శాతం అని తేల్చింది, అదీ డీలరు కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీద మాత్రమే. "మరి ఈ బండి మీద మీ తేడా ఎంత?" అన్నాను. ఆ ఒక్కటీ రెండు వందల పాయింట్లలో లేదు. పోనీ, 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త పెద్ద కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్నది, 40కి దిగింది కదా, కొత్తది దిగితే పాతది దిగొద్దా అంటే, "మనది సర్టిఫైడ్ సార్" అన్నాడు. పది లక్షలు దాటింది కనుక కొనేవాడి దగ్గర డీలరే వసూలు చేసే ఒక శాతం ఆదాయపు పన్ను, టీసీఎస్ కూడా ఉందనే సంగతి మాత్రం వాడికి బాగా గుర్తుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని కేంద్రం నిబంధన పెట్టింది. కారు సర్టిఫికెట్ సరే, మీ సర్టిఫికెట్ చూపించండి అన్నాను. కేకు తెచ్చారు.

బండిది ఏపీ 39 నంబరు. మా గంజాం జిల్లాది ఓడీ 07. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ మధ్య మేనరికాలు, చేబదుళ్ళు, ఆవకాయ జాడీలు రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ ఆపి నిరభ్యంతర పత్రం, అదే ఎన్‌ఓసీ అడగరు. కారుకి మాత్రం ఆ పత్రం కోసం ఫారం 28, ఆ తర్వాత పేరు మార్చడానికి 29, 30, బ్యాంకు అప్పు తీరిన బండైతే 35. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను కింద ఒడిశా నంబరు వేయించాలి, ఇక్కడ పన్ను కట్టాలి, అక్కడ ముందే కట్టినదాంట్లో మిగులు కోసం అర్జీ పెట్టుకుని బతికినన్నాళ్ళు ఎదురుచూడాలి. 1936లో రాష్ట్రాల మధ్య గీసిన ఆ గీతని మా వాళ్ళెవరూ ఇప్పటికీ మనసులో గీసుకోలేదు. ఆర్టీవో ఆఫీసు గీసుకుంది.

అయినా కారొచ్చింది. బుఢీ ఠాకురాణి గుడి ముందు పూజ. రెండు వందల పాయింట్లలో పాసైన బండిని పూజారిగారు రెండు వందల ఒకటో పాయింటుకి కూర్చోబెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. బావగారి అమ్మగారు, మా అత్తయ్య, ఎనభై ఏళ్ళ మనిషి. ముందు ఆవిడ ఎక్కాలి. మెట్టు ఎత్తుగా ఉంది. అప్పుడు బావగారు, ఈ క్షణం కోసమే కొన్నట్టుగా, ఒక మీట నొక్కారు.

బండి బుస్సుమని ఊపిరి వదిలి కిందికి వంగింది. ఎయిర్ సస్పెన్షన్ అంటారు దాన్ని. ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. ఎక్కేవాళ్ళ కోసం గాలి వదిలి తగ్గుతుంది, ఎక్కాక నింపుకుని లేస్తుంది. అత్తయ్యకి ఇవేం తెలుసు? "ఓలమ్మా, నాకు దణ్ణమెడతందిరా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బానెట్‌కి బొట్టు పెట్టి, చల్లగా ఉండమని దీవించి, ఎక్కి కూర్చుంది.

బావగారు మళ్ళీ మీట నొక్కారు. కుడివైపు ముందు భాగం ఒక్కటే లేచింది. మిగతా మూడు మూలలూ దీవెన తలకెక్కినట్టు అలాగే ఉండిపోయాయి. ఎదురుగా తెర మీద ఎర్రటి అక్షరాలతో ఏదో వచ్చింది. పూజారిగారు "ముందుకు పోనివ్వండి, నిమ్మకాయ చిదగాలి" అంటున్నారు. బండి కదిలితే అడుగు భాగం నేలకి రాసుకునేలా ఉంది. జనం చేరారు. ఒక ఆటో ఆయన కిందికి వంగి గ్యాస్ లీకన్నాడు. ఒక పెద్దాయన వాచీ చూసి రాహుకాలం అన్నాడు. ఒక కుర్రాడు ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు. ఆపారు, ఆన్ చేశారు. కుడివైపు లేచింది కూడా దిగిపోయింది. లోపల్నుంచి అత్తయ్య, "కూకుండిపోనాదేట్రా! మరి నన్నెలా దింపుతార్రా?" తలుపు తీస్తే అరుగుకి తగిలి సగమే తెరుచుకుంటోంది. ఎనభై ఏళ్ళ మనిషిని మా అక్క ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని బయటికి లాగాం. ఈసారి చప్పట్లు కొట్టడానికి సిబ్బంది లేరు, ఆ లోటు జనం తీర్చారు.

షోరూంకి ఫోన్ చేశాం. వారంటీలో రబ్బరు భాగాలు రావట. గాలి తిత్తి రబ్బరే కదా అట. "మరి కాగితంలో సస్పెన్షన్ పక్కన పచ్చ టిక్కు ఉందే?" అంటే, "తనిఖీ చేసిన రోజున బాగుంది సార్" అన్నారు. బండిని లారీ మీదికెక్కించి విశాఖ పంపించారు. అత్తయ్య ఆటోలో ఇంటికెళ్ళింది. నిమ్మకాయల్లో ఒకటి చెక్కుచెదరకుండా అక్కడే ఉంది, ఎవరో మేక తినకుండా తీసి గట్టు మీద పెట్టారు.

ఆ రాత్రి బావగారి సోఫాలో కూర్చుని ఈ జాతి బళ్ళ కరపత్రాలన్నీ తిరగేశాను. రాళ్ళకొక మీట, ఇసుకకొక మీట, బురదకొక మీట. కొత్త రేంజ్ రోవర్ స్పోర్ట్ అయితే 900 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో నడుస్తుందని కంపెనీ రాసుకుంది. రాళ్ళూ, బురదా, నీళ్ళూ కావాలంటే దూరం పోనక్కర్లేదు. గజపతి కొండల్లోకి, రాయగడ కొండల్లోకి వెళితే చాలు. వానాకాలం అక్కడ నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోస్తారు. బొంగుకి దుప్పటి కట్టి, ముందొకరు, వెనకొకరు, రోడ్డు మొదలయ్యే చోట ఆగి ఉన్న అంబులెన్సు దాకా. మధ్యలో వాగు. లోతెంతో మిల్లీమీటర్లలో చెప్పడానికి అక్కడ కరపత్రం లేదు, ముందున్నవాడి మొల దాకా వస్తే ఆగుతారు. ఆగితే లోపలున్న మనిషికి ఏమవుతుందో అడక్కండి. కప్పు పెట్టుకునే చోటుని పరీక్ష చేసి సంతకం పెట్టడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న దేశం, ఆ వాగు మీద వంతెన ఉందో లేదో చూసి రావడానికి ఒక్కణ్ణి పంపలేదా? ఎన్నికలకి ముందు కొబ్బరికాయ కొట్టారు. రాయి పాతారు. రాయి మీద పేర్లున్నాయి. వంతెన లేదు. డబ్బు మటుకు ఎక్కడికీ పోలేదు, ఎన్‌హెచ్ 16 మీద ఎక్కడో నాలుగు చక్రాలేసుకుని ఐదు సెకన్లలో వంద అందుకుంటోంది. నాలుగేళ్ళు పోయాక దాన్నీ తుడిచి, ఎర్ర గుడ్డ కప్పి, ఎవరికో అంటగడతారు. దానికీ రెండు వందల పాయింట్లూ పచ్చగానే ఉంటాయి.

బావగారి బండి రిపేరై వచ్చింది. బిల్లు చూశాక సంబంధాలవాళ్ళకి ఫోటో చూపిస్తే చాలనే నిర్ణయానికొచ్చి, అమ్మేద్దామన్నారు. అదే షోరూంకి తీసుకెళ్ళాం. అదే కుర్రాడు. ఈసారి కాఫీ లేదు. టార్చి పట్టుకుని చుట్టూ తిరిగాడు, సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాడు.

"నాలుగో టైరు 2018ది సార్" అన్నాడు తప్పు పట్టుకున్న మాస్టారిలా. దానికి కొంత కోత. "ఎయిర్ సస్పెన్షన్ రిపేర్ హిస్టరీ ఉంది సార్." దానికి ఇంకొంత. చివరికి ఒక అంకె కాగితం మీద రాసి తిప్పి చూపించాడు. బావగారు నీళ్ళు అడిగారు.

ఫారాలు నింపుతూ తలెత్తకుండానే, "సార్ ఏం చేస్తుంటారు?" అన్నాడు.

"అప్పడాలు" అన్నారు బావగారు.

కుర్రాడు కాసేపు పెన్ను కొరికి, "డాక్టరుగారు అని రాసుకుంటాను సార్" అన్నాడు.