అన్నీ ఇంటూ రెండు

గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఎందరున్నారో చెప్పడం మాత్రం నేరం కాదు. ఈ లొసుగు వల్ల మధ్యతరగతి ఇళ్లకు జరుగుతున్న నష్టాన్ని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. కవలలన్న సంగతి డాక్టరుకు తెలియాలి, ఒప్పుకుంటాను. తల్లికీ తెలియాలి. తండ్రికీ, అతని చేతిలోని ఫోనుకూ అంత ముందుగా తెలియాల్సిన అవసరం ఏమొచ్చిందో ఎవరైనా చెప్పాలి.

ఎందుకంటే కవలలని స్కానింగ్‌లో తేలిన రాత్రే ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుందని డాక్టర్లు చెబుతారు. మనవాడు జాగ్రత్తపరుడు, పన్నెండే తీసుకుంటాడు. ఇంటూ రెండు. ఇరవై నాలుగు సీసాలు. సీసాను కడిగి మళ్లీ వాడుకోవచ్చన్న విషయానికి ఆ షీటులో కాలమ్ లేదు. ఈ లెక్కన మొగుడూ పెళ్లాలు రోజుకు మూడు పూటలు తింటారు కనుక వాళ్లిద్దరికీ ఆరు కంచాలు కావాలి. ఆ మాటే అడిగితే "ట్విన్స్ అంటే మీకు తెలీదు అంకుల్" అంటాడు.

సీసాల తరువాత, వాటిలోని క్రిములను చంపే స్టెరిలైజర్లు రెండు. ఒకటి మొరాయిస్తే రెండో బిడ్డ గతేం కావాలి? పాలు వెచ్చబెట్టే యంత్రాలు రెండు. పురుడు మే నెలలో, హైదరాబాదులో. బ్రష్‌లు ఆరు, ఎందుకంటే ఐదు కొంటే ఒకటి ఉచితం. డబ్బా పాలు ఒక అట్టపెట్టె నిండా. డబ్బా మూత తీశాక నెల లోపే వాడేయాలని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. అసలు డబ్బా పాలు అవసరమో కాదో, అవసరమైతే ఏవో చెప్పాల్సింది పిల్లల డాక్టరు. నెల తక్కువ పిల్లలకు ఇచ్చేవి వేరేగా ఉంటాయి కూడా. కానీ ఆఫర్ ఆదివారంతో అయిపోతోంది, డాక్టరేమో సోమవారం గానీ దొరకడు.

ఇంట్లో నాయనమ్మ ఒకావిడ ఉంటుంది. "పుట్టకముందే ఏమీ కొనకూడదురా" అంటుంది. ఆలూ లేదు చూలూ లేదు సామెత గుర్తు చేయబోతే "ఆలూ ఉంది, చూలూ ఉంది, అదీ డబుల్" అని మనవడు ఆవిడ నోరు మూయిస్తాడు. మూఢనమ్మకమట. ఇదే మాటను ఓ కన్సల్టెంటు కోటు వేసుకుని చెబితే ఫీజు ఇచ్చి మరీ వినేవాడు.

ఆవిడ మాటలోని పస ప్రసవం రోజు తెలుస్తుంది. కవలల్లో సగం మందికి పైగా ముప్పై ఏడు వారాలు నిండకముందే పుడతారు. అలాంటి పసికందులను కొన్నాళ్లు ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో, ఉంచాల్సి రావచ్చు. అక్కడ పాలు సన్నటి గొట్టంతోనో, చెంచాతోనో, ఉగ్గుగిన్నెతోనో పడతారు. మన ఇరవై నాలుగు సీసాల సైన్యానికి గేటు దగ్గరే బ్రేకు. ఆ తరువాత బాలింత పుట్టింటికి వెళుతుంది. పిల్లలు తణుకులో, సీసాలు కూకట్‌పల్లిలో.

ఇక తల్లిపాల సంగతి. బిడ్డ ఎంత తాగితే పాలు అంతగా ఊరతాయి. ఇద్దరు తాగితే ఇద్దరికీ సరిపడా ఊరే అవకాశం చాలామందిలో ఉంటుంది. కాకపోతే మొదటి వారాల్లో పక్కన ఒక మనిషి సాయం, కాస్త ఓపిక కావాలి. గిరాకీని బట్టి సరఫరా పెరగాలన్న సూత్రాన్ని ఆ ఇల్లు మొత్తంలో పాటించేది తల్లి ఒక్కతే. మిగతావాళ్లంతా గిరాకీ పుట్టకముందే గోదాము నింపేశారు. ఆ గోదామును చూసి చూసి "నా పాలు చాలవేమో" అని ఆవిడకే అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానం ఏ బిల్లులోనూ కనిపించదు.

పాల సీసాలకు, డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే మన పార్లమెంటు చట్టం చేసింది. డబ్బా మీద బిడ్డ బొమ్మ వేయకూడదు, ఉచితంగా శాంపిళ్లు పంచకూడదు. కంపెనీల నోళ్లు మూశారు సరే, అమెరికా నుంచి వీడియో కాల్ చేసే పెద్దమ్మ కూతురి సంగతేమిటి? "మేము ఆ బ్రాండే వాడాం, ఇంకోటి తీసుకోకండి" అని ఆవిడ పైసా తీసుకోకుండా చేసే ప్రచారం ఏ సెక్షన్ కిందకూ రాదు. తక్షణం సవరణ తేవాలి.

పోనీ ఆవిడ చెప్పిందే కొన్నారనుకోండి. ఒకే కడుపున పుట్టినంత మాత్రాన ఇద్దరికీ ఒకే పాలపీక నచ్చాలని రూలేమీ లేదు. ఒకడు చప్పరిస్తాడు, ఇంకొకడు నాలుకతో బయటికి తోసేస్తాడు. సీసా అవసరమని డాక్టరు చెబితే చిన్నవి నాలుగు తెచ్చి, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి పది నిమిషాలు మరగబెట్టుకుంటే మొదటి వారం గడిచిపోతుంది. తక్కువైతే? కొత్తిమీర కట్టను పది నిమిషాల్లో ఇంటికి తెప్పించుకునే నగరంలో సీసా దొరక్క బిడ్డ పస్తుంటుందని భయపడటానికి చాలా ఊహాశక్తి ఉండాలి.

కవలల ఇంట్లో నిజంగా కరువయ్యేది వస్తువు కాదు, నిద్ర. తెల్లవారుజామున మూడింటికి "ఇందాక తాగింది వీడా, వాడా?" అన్న ప్రశ్నకు జవాబు ఏ యంత్రమూ చెప్పదు. ఎవరు ఎప్పుడు తాగారో, ఎన్నిసార్లు తడిపారో రాసుకోవాలి. ఎక్సెల్ షీటు అవసరం వచ్చేది అప్పుడే, కానీ దాన్ని తయారుచేసిన పెద్దమనిషి గుర్రు పెడుతుంటాడు. అతన్ని లేపే యంత్రం మాత్రం ఒక్కటి కూడా కొన్నట్టు లేదు.

ఆర్నెల్లకు అవే సామాన్లు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమవుతాయి. "ఒక్కసారి కూడా వాడలేదు, సీల్ తీయలేదు, సగం ధరకే." సి బ్లాకులో ఒకతను ఆ ఉదయమే స్కానింగ్ నుంచి వచ్చి ఉంటాడు. సగం ధరకే కదా అని రెండింతలు తీసుకుంటాడు.