వీధి చివరి బడి

విజయనగరం రింగురోడ్డు మీద పొద్దున్న ఏడున్నరకు నిలబడితే పసుపు రంగు స్కూలు వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. అపార్టుమెంట్ల గేట్ల దగ్గర తల్లులు ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో వాటర్ బాటిల్ పట్టుకుని ఎదురుచూస్తుంటారు. టై, బెల్టు పెట్టుకున్న ఒకటో తరగతి పిల్ల నిద్రకళ్లతో వ్యాన్ ఎక్కి, సీటుకు తల ఆనించి మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. అలాంటి ఒక వీధి చివర, ఐదు నిమిషాల నడకలో, మున్సిపల్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఆ బడికి వెళ్లేది అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు, ఆ మేడల్లోనే అంట్లు తోమే ఆవిడ కొడుకు, పక్క సైటులో పనికి సాలూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు. సాయంత్రం ఒకే సెల్లారులో సైకిలు తొక్కే పిల్లలు పొద్దున్నే చెరో దారి పడతారు.

జూన్ 12న బడులు తెరుస్తారు. బాలాజీనగర్‌లోనైనా, కంటోన్మెంటులోనైనా, శ్రీకాకుళం పీఎన్ కాలనీలోనైనా ఇప్పుడు ఇళ్లల్లో నడిచే మాట ఒకటే: పిల్లని ఎందులో వేద్దాం? ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ప్రైవేటు స్కూళ్ల పేర్లే ఉంటాయి. ఈ కాన్వెంటా, ఆ కాన్వెంటా, లేక విశాఖ నుంచి కొత్తగా వచ్చిన బ్రాంచా అన్నదే చర్చ. వీధి చివరి బడి పేరు ఎవరి నోటా రాదు. అమ్మానాన్నల్లో చాలామంది పల్లెటూళ్లలో సర్కారు బడుల్లో చదివి, బ్యాంకుల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో, కాలేజీల్లో ఉద్యోగాలకు వచ్చినవాళ్లే. వాళ్లలో సర్కారు బడుల్లో పాఠాలు చెబుతున్న టీచర్లూ ఉన్నారు.

వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇంటికి వచ్చిన చుట్టం 'పాపని ఎందులో వేశారు?' అని అడిగినప్పుడు మున్సిపల్ బడి అని చెబితే, 'ఏం, ఏమైనా ఇబ్బందా?' అన్నట్టు చూస్తారు. ఆ చూపు తట్టుకోవడం మాటలు కాదు. పిల్ల చదువంటే ప్రతి తల్లికీ టెన్షనే, రేపు ఏదైనా తేడా వస్తే 'నువ్వే కదా అక్కడ వేశావు' అనే మాట పడాల్సిందీ తల్లే. ఇవన్నీ మాకు తెలుసు. మా బాధల్లా ఒక్కటే. ఆ బడి గేటు దాటి లోపలికి వెళ్లి, చూసి, నచ్చక వద్దనుకున్నవాళ్లు మాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో తిప్పి చూస్తాం. ఐదేళ్లు చదివే బడిని మాత్రం చూడకుండానే తీసిపారేస్తున్నాం.

ఒంటిపూట బడుల రోజుల్లో మేం అలాంటి ఒక బడికి వెళ్లాం. గోడలకు రంగులున్నాయి, ఆకుపచ్చ బోర్డులున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. సర్కారు బడులను బాగుచేయడానికి 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనుల్లో వచ్చిన మార్పు అది. మరుగుదొడ్డి శుభ్రంగానే ఉంది. చిక్కు ఉన్నది గదిలో. ఒకే గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు మూడు వరుసల్లో కూర్చున్నారు. మేడమ్ బోర్డును నిలువుగా రెండు చేశారు. ఎడమవైపు మూడో తరగతికి గుణకారాలు, కుడివైపు ఐదో తరగతికి భిన్నాలు. నాలుగో తరగతికి తెలుగు పాఠం చదువుకోమన్నారు. ఒక పిల్లాడు అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. 'రక్షణ' దగ్గర ఆగాడు. వేలు కదలడం లేదు. మేడమ్ వచ్చి పక్కన కూర్చుని, 'క' కింద 'ష' ఎలా చేరిందో పలకమీద రాసి చూపించి, రెండుసార్లు పలికించారు. వాడు దాటాడు. దాటగానే ముఖం విప్పారింది. ఆ రెండు నిమిషాల్లో మూడో తరగతి వరుస సంతలా తయారైంది. ఆవిడ అటు పరుగెత్తారు. ఇంతలో భోజనం వివరాలు ఫోనులో ఎక్కించే వేళయింది.

టీచరు శిక్షణ డీఈడీ చదివి, అర్హత పరీక్ష టెట్ దాటి, టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీలో పోటీపడి వచ్చిన మనిషి ఆవిడ. ఆ పిల్లాడి పక్కన కూర్చున్న రెండు నిమిషాల్లో ఆవిడ చూపిన ఓపిక, నేర్పు ఎంత ఫీజు కట్టినా దొరుకుతాయన్న హామీ లేదు. కానీ అవి ఒక్కో పిల్లాడికి రోజుకు రెండు నిమిషాలే అందుతున్నాయి.

ఇదంతా చట్టవిరుద్ధమేమీ కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 90 వరకు ఉంటే ముగ్గురు. తరగతులు మాత్రం ఐదు. అంటే పిల్లలు తక్కువున్న బడిలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడపడం చట్టం లెక్కకు సరిపోతుంది, పిల్లల చదువుకు సరిపోదు. కాలనీవాళ్లు రాకపోతే పిల్లల సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గితే టీచరును వేరే బడికి పంపుతారు. టీచరు పోతే ఉన్నవాళ్లూ వెళ్లిపోతారు. 2022లో వచ్చిన 117 జీవో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించి ఈ తిరగలిని ఇంకా వేగంగా తిప్పింది. 2025లో దాన్ని పక్కనపెట్టి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెడతామన్నారు. అదే ఏడాది 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చారు. తరగతికో టీచరు అన్నది సరైన మాట, దాన్ని మేం మనసారా స్వాగతిస్తున్నాం. అయితే మోడల్ స్కూలు బోర్డు ఏ బడికి దక్కుతుందన్నది కూడా మళ్లీ పిల్లల సంఖ్య చూసే తేలుస్తున్నారు. వీధి చివరి చిన్న బడి ఈ లెక్కలోనూ వెనకబడిపోతుంది.

మరి ఫీజు కట్టినచోట దొరికేదేమిటి? చాలాచోట్ల తరగతికో టీచరు దొరుకుతారు. ఇది చిన్న విషయం కాదు, తల్లిదండ్రులు అటు నడవడానికి పెద్ద కారణం ఇదేనని మేం ఒప్పుకుంటాం. అయితే చదువు కూడా ఎక్కువ వస్తుందా అన్న ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఒక జవాబుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు నాలుగేళ్లపాటు ఒక పరిశీలన చేశారు. సర్కారు బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి, ఫీజు కట్టి ప్రైవేటుకు పంపారు. 2015లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, తెలుగులో, లెక్కల్లో రెండు గుంపుల మధ్య తేడా లేదు. ప్రైవేటుకు వెళ్లినవాళ్లు హిందీలో బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు. తెలుగుకూ లెక్కలకూ ప్రైవేటు బడులు తక్కువ సమయమే ఇచ్చినా, తక్కువ ఖర్చుతోనే నడిచినా ఆ రెంటిలో వెనకబడలేదన్నది కూడా ఆ పరిశీలన చెప్పింది. అది పల్లెటూళ్ల లెక్క, రింగురోడ్డు స్కూళ్ల లెక్క కాదు. అయినా 'ప్రైవేటంటే చదువు, సర్కారంటే వానాకాలం చదువు' అనే మాటను అంత తేలిగ్గా అనకూడదని తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇంగ్లిషు మాటకొద్దాం. నాలుగు మాటల్లో మూడు ఇక్కడికే వచ్చి ఆగుతాయి కాబట్టి. చాలామందికి తెలియని సంగతి, సర్కారు బడి పిల్లల చేతిలోని పాఠ్యపుస్తకం ఇప్పుడు రెండు భాషల్లో ఉంటుంది. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. అర్థం కానిచోట పిల్ల పక్క పేజీ చూసుకుంటుంది. చిన్నపిల్లలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు మాకు కనిపించడం లేదు. ఇటు చూస్తే, ఒక కాన్వెంటులో రెండో తరగతి పిల్లాడి డైరీలో 'ఇంట్లో ఇంగ్లిషులోనే మాట్లాడించండి' అని రాసి పంపారు. ఇంట్లో వాడితో రోజంతా ఉండేది గజపతినగరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాయనమ్మ. ఆవిడ ఆ రోజు నుంచి మనవడితో మాట్లాడాలంటే వెనకాడుతోంది. 'నా మాటల వల్ల వాడి చదువు పాడైపోద్దేమో నాయనా' అని ఆవిడ మాతో అన్నప్పుడు మాకు నోట మాట రాలేదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందటే సవర పిల్లలకు సవర భాషలో వాచకాలు రాసి, బడి పెట్టి చదువు చెప్పారు. పిల్లకు తెలిసిన మాటతో మొదలుపెట్టాలని ఈ నేలకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేదు.

1857లో విజయనగరంలో మహారాజా వారు పెట్టిన బడి 1879 నాటికి కాలేజీ అయింది. ఈ ఊరిని విద్యలనగరం అంటారు. ఆ పేరున్న జిల్లాలోనే 2011 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యత 59 శాతం దగ్గర ఆగింది. కోటలోపలి చదువూ కోటబయటి చదువూ ఎంత దూరంగా ఉండేవో ఆ అంకె చెబుతుంది. ఇప్పుడు ఆ దూరం ఒక్క వీధిలోనే కనిపిస్తోంది.

సర్కారు బడికి విద్యాహక్కు చట్టం ఒక యాజమాన్య కమిటీని ఇచ్చింది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మేం వెళ్లిన బడి కమిటీలోని ఒక తల్లి ఇళ్లల్లో పనిచేస్తుంది. 'ఇంకో టీచర్ని వెయ్యండి బాబూ అని రెండుసార్లు అర్జీ ఇచ్చాం' అని చెప్పింది. అర్జీ ఎటు పోయిందో ఆమెకు తెలియదు. అదే కమిటీలో ఒక బ్యాంకు మేనేజరో, ఒక లాయరో ఉండి ఉంటే ఆ కాగితం ఏ టేబుల్ మీద ఆగిందో మూడో రోజుకల్లా తెలిసేది. ఆ తల్లికి గొంతు లేక కాదు, ఆమె ఫోను ఎత్తేవాళ్లు లేక. కాలనీ పిల్లలు వెళ్లిపోవడం వల్ల ఆ బడికి జరిగిన అసలు నష్టం ఇది.

అలాగని మీ పిల్లను ఊరి బాగు కోసం ప్రయోగానికి పెట్టమని ఏ తల్లికీ చెప్పం. ఒక గదిలో మూడు తరగతులు కలిపి కూర్చోబెట్టినంత కాలం, వద్దనుకున్నవాళ్లను మేం ఒక్క మాట అనలేం. ముందు కదలాల్సింది విద్యాశాఖ. కాలనీల్లోని బడులకు పిల్లలు వచ్చాక టీచర్లను ఇస్తామనడం, నీళ్లు వచ్చాక పైపు వేస్తామన్నట్టుంది. కనీసం రెండేళ్లపాటు, సంఖ్యతో పనిలేకుండా, తరగతికో టీచరును ఇచ్చి చూడాలి. బడి తెరిచాక ఒక శనివారం పూట తల్లిదండ్రులు ఎవరైనా వచ్చి తరగతిలో కూర్చుని చూసేలా గేట్లు తెరవాలి. ప్రైవేటు స్కూళ్ల సంగతి కూడా అధికారులు పట్టించుకోవాలి. ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వడం, చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకపోవడం చట్టం. అది అమలవుతోందో లేదో స్కూలుకు వెళ్లి చూడాలి, కాగితం మీద టిక్కు పెట్టి ఊరుకోకూడదు.

తల్లిదండ్రులను మేం అడిగేది ఒక్క పొద్దుటి పూట. టర్మ్ ఫీజు కట్టేముందు ఒక ప్రైవేటు స్కూలుకూ, వీధి చివరి బడికీ వెళ్లండి. రెండుచోట్లా మా పిల్ల టీచరు ఎన్ని తరగతులు చూస్తారని అడగండి. నిరుడు సంవత్సరం మధ్యలో ఎంతమంది టీచర్లు మారారని అడగండి. మూడో తరగతి పిల్లకు పాఠ్యపుస్తకంలో లేని నాలుగు వాక్యాలు, ఆ రోజు పేపర్లోవైనా సరే, ఇచ్చి చదివించి, అర్థం అడగండి. కంఠతా వచ్చినదేదో, నిజంగా వచ్చినదేదో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత మీరు ఏ బడి ఎంచుకున్నా అది చూసి ఎంచుకున్నదే అవుతుంది.

మేం వెళ్లిన బడిలో జూన్ 12న ఆ మూడు వరుసలకూ మళ్లీ ఆ మేడమ్ ఒక్కరే ఉంటారా, తోడుగా ఇంకొకరు వస్తారా? జవాబు విద్యాశాఖ దగ్గర ఉండాలి. నగరంలోని ఏ ప్రాథమిక బడిలో ఎన్ని తరగతులు, ఎంతమంది టీచర్లు అన్న జాబితాను ఈ నెలాఖరులోగా ప్రతి వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలని అడుగుతున్నాం. రెండుసార్లు అర్జీ ఇచ్చిన ఆ తల్లి రోజూ పనికి వెళ్లేది ఆ సచివాలయం ముందు నుంచే.