ప్లగ్ ఉన్న చోట కాదు, పరికరం వేలాడే చోట కొలవండి

వరంగల్, హనుమకొండలలో ఇప్పుడు కడుతున్న ఆసుపత్రులు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లలో వైఫై తప్పనిసరి అయింది. అమర్చే ముందు కవరేజీ సర్వే చేస్తామంటూ కాంట్రాక్టర్లు దానికి వేరుగా బిల్లు కూడా వేస్తున్నారు. ఆ సర్వేను దగ్గరుండి చూసినవారికి నా కోపం అర్థమవుతుంది. యాక్సెస్ పాయింటును, అంటే వైఫై సిగ్నల్‌ను ప్రసారం చేసే పరికరాన్ని తెచ్చి, ప్లగ్ పాయింటు ఎక్కడ దొరికితే అక్కడ, ఏ రిసెప్షన్ బల్ల మీదో పెట్టి, ఫోనులో ఒక యాప్ తెరిచి, భవనమంతా ఒక చుట్టు తిరిగి నివేదిక రాసేస్తున్నారు. ఆ పరికరం రేపు వేలాడబోయేది వరండా పైకప్పుకు. మధ్యలో ఒక కాంక్రీటు స్తంభమో లిఫ్టు గోడో అడ్డువస్తే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఎంతగా పడిపోతుందో తెలిసిన మనిషి బల్ల మీది కొలతను పైకప్పుకు అంటగట్టడు.

కట్టుబడి నడుస్తున్న భవనంలో కరెంటు లేదు కదా అన్నది వారి జవాబు. నేను దీనిని ఒప్పుకోను. పొడవైన ట్రైపాడ్, దానికి బిగించిన యాక్సెస్ పాయింటు, కింద ఒక బ్యాటరీ ఉంటే ఎక్కడైనా కొలవవచ్చు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో, లోపలి సెల్ వోల్టేజీ 3.7 చొప్పున, 74 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. వోల్టేజీని మార్చడంలో పోయేది పోగా 60 మిగిలినా, 12 వాట్లు తీసుకునే పరికరం సుమారు అయిదు గంటలు నడుస్తుంది. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ కాగితం మీద 84 వాట్-అవర్లు, అయితే దానిని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతుంది. ఇంటి ఇన్వర్టరును ట్రాలీ ఆటోలో వేసుకొని తిరిగేవారు కూడా ఉన్నారు. బ్యాటరీ కరెంటును 230 వోల్టుల ఏసీగా మార్చి, అడాప్టరుతో మళ్లీ డీసీగా దించడంలో రెండుసార్లు నష్టపోతున్నామని వారికి తట్టదేమో.

అసలు చిక్కు గంటల లెక్కలో లేదు. ఎక్కువ యాక్సెస్ పాయింట్లు నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే, అంటే పీఓఈ పద్ధతిలో, కరెంటు తీసుకుంటాయి. 802.3ఏఎఫ్ ప్రమాణంలో పరికరానికి చేరేది 12.95 వాట్లు, 802.3ఏటీలో 25.5 వాట్లు. రెండోది కోరే పరికరానికి మొదటిది ఇస్తే చాలా మోడళ్లు ఆగిపోవు. ప్రసార శక్తిని తగ్గించుకొనో, కొన్ని యాంటెన్నాలను నిద్రపుచ్చో నడుస్తూనే ఉంటాయి. దీపం వెలుగుతుంది, ఫోనులో అంకె కనిపిస్తుంది, ఆ అంకె మాత్రం అబద్ధం. దానిని నమ్మి, సిగ్నల్ బలానికి లక్ష్యంగా పెట్టుకునే మైనస్ 67 డీబీఎం అందుకోవడం కోసం, అవసరం లేని చోట అదనపు పరికరాలు కొనిపిస్తారు. కాబట్టి బ్యాటరీని ఎంచేటప్పుడు, 12 వోల్టులను సుమారు 48కి పెంచి సరైన ప్రమాణంలో ఇచ్చే పీఓఈ ఇంజెక్టరునే వాడాలి. ప్రమాణాన్ని అడగకుండానే 24 వోల్టులు తోసేసే చౌక ఇంజెక్టర్లకు నేను దూరం.

పాత ల్యాప్‌టాప్ సెల్లులను ఏరి, రక్షణ సర్క్యూటు లేకుండా టేపు చుట్టి తెచ్చేవారిని భవనంలోకి రానివ్వకూడదు. ఉత్తర తెలంగాణ మే నెల ఎండలో, అద్దాలు మూసిన కారులో లిథియం ప్యాకును వదిలేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? సీల్డ్ బ్యాటరీ అయినా సరే, పాజిటివ్ కొన దగ్గర ఒక ఫ్యూజు ఉండి తీరాలి.

ఈ బ్యాటరీ ఎంతగా అక్కరకు వస్తుందో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిని దాచే శీతల గిడ్డంగుల వంటి చోట్ల తెలుస్తుంది. గదుల లోపల ప్లగ్ ఉండదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగితే తలుపు పూర్తిగా మూతపడదు. ఆ తెరిచిన సందు గుండా సిగ్నల్ బయటికి దాటి, మూసిన గది లెక్క తప్పుతుంది. పైగా బస్తాలు నిండిన గదికీ ఖాళీ గదికీ కొలతలు వేరు, కనుక రెండుసార్లు కొలవాలి. చలిలో బ్యాటరీ కూడా తక్కువ శక్తినే ఇస్తుంది. దానికి తగిన మిగులు పెట్టుకొని వెళ్లాలి.

సర్వే నివేదికలో పరికరాన్ని ఎంత ఎత్తున పెట్టారు, ఏ ప్రమాణంలో కరెంటు ఇచ్చారు, కొలుస్తున్నంతసేపూ వోల్టేజీ నిలిచిందా అన్న మూడు సంగతులు లేకపోతే ఆ బిల్లుకు డబ్బు చెల్లించవద్దని నన్ను అడిగిన ప్రతి యజమానికీ చెబుతున్నాను.